టీకా పనిచేయని పిల్లల కోసం... ఓ పీహెచ్‌డీ!

మేడ్చల్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చింది. శామీర్‌పేట దాటితే జీనోమ్ వ్యాలీ... కొవాగ్జిన్ తయారైంది అక్కడే. మరి టీకా వేసినా రక్షణ రాని పిల్లల మాటేమిటి?

అలాంటి వాళ్లు అరుదుగానైనా ఉన్నారు. జన్యులోపం వల్ల వాళ్ల ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ సరిగా తయారు కాదు. పదేపదే నిమోనియా, చెవిలో చీము. ఇంకొందరిలో అదే వ్యవస్థ అకారణంగా రెచ్చిపోయి జ్వరాలు, వాపులు తెస్తుంది. ఇలాంటి జబ్బులు 500కు పైనే. వీటిలో చాలావాటికి అమ్మానాన్నలిద్దరిలోనూ దాగిన లోపమే కారణం. మేనరికాల్లో ఆ ముప్పు ఎక్కువ.

అమెరికా వైద్యుడు బ్రూటన్ 1952లో ఓ బాలుడి రక్తంలో గామా గ్లోబ్యులిన్లు లేవని గుర్తించాడు. అందుకు కారణమైన జన్యువు దొరికింది మాత్రం 1993లో! ఇలాంటి వెతుకులాటలో ఏళ్ల తరబడి పనిచేసేది ఎక్కువగా పీహెచ్‌డీ విద్యార్థులే. బిడ్డ డీఎన్ఏను తల్లిదండ్రుల డీఎన్ఏతో పోల్చడం, అనుమానం వచ్చిన మార్పును ల్యాబ్‌లో కణాల్లోకి తెచ్చి పరీక్షించడం... ఇదీ పని.

ఎక్కడ చేయొచ్చు? శామీర్‌పేట దగ్గర జవహర్‌నగర్‌లో 2008లో మొదలైన బిట్స్ పిలానీ క్యాంపస్‌లో జీవశాస్త్రంలో పీహెచ్‌డీ ఉంది. జన్యు వ్యాధులపై దృష్టి ఉంటే ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద నిమ్స్‌తో కలిసి దీన్ని ప్రత్యేక కేంద్రంగా గుర్తించారు. హబ్సిగూడలో సీసీఎంబీ కూడా ఉంది.

బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ వంటి వాటిలో ఎమ్మెస్సీ చేసినవాళ్లకు సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ ప్రధాన దారి. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆ తర్వాత రూ.42,000. ఇవి 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన మొత్తాలు. బిట్స్‌కు సొంత ప్రవేశ విధానం ఉంది. ఒక్క జాగ్రత్త... కాలేజీ పేరు చూసి చేరిపోవద్దు. గైడ్ దేనిమీద పనిచేస్తున్నారో, ఏ పత్రాలు రాశారో ముందే చదవాలి.

ఇంత శ్రమ ఎందుకంటారా? జబ్బు పేరు తెలిస్తే వైద్యం మారుతుంది. యాంటీబాడీలు తయారు కాకపోతే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కిస్తారు. కొన్ని లోపాలకు మూలకణాల మార్పిడి చేస్తారు. జన్యువు తెలిస్తే, రెండో కాన్పులో బిడ్డకు ఆ లోపం ఉందో లేదో కడుపులో ఉండగానే చూడొచ్చు. ఒక బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ పరీక్ష ఎంత ధైర్యమో చెప్పనక్కర్లేదు.