పెరటిగుంటలో రాక్షసిబొగ్గు

వంటయింటికి గ్యాసుపొయ్యి వచ్చినను, శుభకార్యములకు గుండిగలు ఎక్కించుటకును, చలికాలమున నీళ్లు కాచుకొనుటకును పెరటిలోని గుంటపొయ్యి మనకు అక్కఱకు వచ్చుచునే యున్నది. దానిలో కట్టెకు బదులు రాక్షసిబొగ్గు వేయువారు దాని గుణమెఱిగి మెలగవలెను.

ఇది కట్టెను కాల్చి చేసిన బొగ్గు గాదు. కోట్లకొలది యేండ్ల క్రిందట నేలలో నడగిన వృక్షములే యిట్లు రాయివలె మాఱినవి. ఇల్లెందు ప్రాంతమున దీనిని 1871లో విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు గుర్తించెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. చేరువనున్న సింగరేణి గ్రామము పేరే ఆ గనులకు వచ్చినది.

కట్టె బూడిదమీదనైనను మండును. రాక్షసిబొగ్గునకు క్రిందినుండి గాలి తగులవలెను. కావున గుంటయడుగున ఇటుకలు నిలిపి, వానిపై ఇనుపచువ్వలు పఱచి, ఒక ప్రక్క గాలికి దారి విడువవలెను. మొదట చితుకులు, కట్టెలు రాజవేసి, అవి నిప్పులైన పిమ్మట చిన్నముక్కలను కొంచెము కొంచెముగా పేర్చవలెను. ఒక్కమాఱు కుమ్మరించినచో నిప్పు అణగి దట్టమైన పొగ గ్రమ్మును. ఆ పొగలో గంధకపు ఘాటుండును. పసిబిడ్డలు, గర్భిణులు, ఉబ్బసము గలవారు దూరముగ నుండవలెను. ఆ నిప్పులమీద వంకాయలు, మొక్కజొన్నకంకులు కాల్చి తినరాదు.

పొగ తీఱి నిప్పులు ఎఱ్ఱగా నున్నంత మాత్రమున అపాయము తీఱినదని తలపరాదు. ఆ నిప్పులనుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు వెలువడుచుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువుకంటె 200 రెట్లు మించిన పట్టుతో అది రక్తమునంటును. ఆరుబయట గాలిలో చెదరిపోవును గాని, మూసినగదిలో నిండుకొనును. తలనొప్పి, వాంతి, మగత దాని గుఱుతులు. నిద్రించువారు మఱి మేల్కొనకయే పోవచ్చును.

బాలింతకు వెచ్చదనమని పురిటిగదిలో కుంపటి పెట్టి తలుపులు మూయుట కొన్ని యిండ్ల వాడుక. తాటాకుటింటి సందులలో గాలి యాడెడిది. నేటి సిమెంటుగదిలో ఆ సందులు లేవు. కట్టెబొగ్గైనను ఈ విషయమున భేదము లేదు. పెద్దలకు ఎదురాడనక్కఱలేదు. తల్లి బిడ్డను ఱొమ్మున కానించుకొని, ఇద్దఱికిని దుప్పటి కప్పి, బిడ్డ ముఖమునకు గాలి విడిచినచో వలసిన వెచ్చదనము చేకూరునని మెల్లగా చెప్పవచ్చును. ఎవరికైనను మగత క్రమ్మినచో వెంటనే బయటిగాలికి చేర్చి, 108కి కబురంపవలెను.

పని ముగిసిన పిమ్మట దూరమునుండి నీళ్లు చల్లి నిప్పులార్పవలెను. ఆ బూడిదను అంట్లకు, కూరపాదులకు వాడరాదు. పెరటినిప్పును గడప దాటి లోనికి రానీయవలదని మా మనవి.