మూడు ఆఠీన్లు అన్నారు... మీరేమంటారు?

కైకలూరు వైపు చేపల చెరువుల కౌలుపాటలు చూసినవారికి ఈ ఎత్తు కొత్త కాదు. పాట వెయ్యి, రెండు వేలు చొప్పున మెల్లగా పెరుగుతూ ఉంటే ఎవరు ఎందాకా వస్తారో, ఎవరి చేతిలో ఎంతుందో మిగిలినవారికి ఓ అంచనా చిక్కుతుంది. అది చిక్కకూడదనుకున్న మనిషి మొదట్లోనే లేచి ఒకేసారి పెద్ద మొత్తం పాడేస్తాడు. అంతే... అందరి నోళ్లూ మూతపడతాయి. పైపాట పాడితే చెయ్యి కాలుతుందేమోనన్న భయం. వదిలేస్తే మంచి చెరువు చేజారిపోతుందేమోనన్న దిగులు. ఆలోచించుకోవడానికి సమయం ఉండదు, తేల్చుకోవడానికి సమాచారం ఉండదు!

పేకముక్కల ఆటల్లోకెల్లా పెద్ద ఆటగా పేరున్న బ్రిడ్జిలోనూ అచ్చం ఇలాంటి ఎత్తే ఉంది. దాని పేరు ప్రీఎంప్ట్. ఎదుటివాళ్లు అలా దూకుడుగా పాడినప్పుడు ఏం చెయ్యాలన్నది ఈ ఆటలో అతి కష్టమైన ప్రశ్నల్లో ఒకటి.

పేకాట అంటే అదొక్కటేనా?

కృష్ణా డెల్టాలో పేకాట అనగానే గుర్తొచ్చేది సంక్రాంతి శిబిరాలూ, పోలీసుల దాడులూ, వరసగా కూర్చోబెట్టి తీసిన ఫొటోలూ. అందులో తప్పుపట్టడానికేమీ లేదు. పందెంలో పొలాలు పోగొట్టుకున్న కుటుంబాల కథలు ప్రతి ఊళ్లోనూ వినిపిస్తాయి. అయితే ముక్కలు పట్టుకున్న ప్రతి ఆటా జూదమేనా? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది మన తెలుగునాటి నుంచే.

1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. అక్కడ ఆడుతున్నది రమ్మీ. కేసు హైకోర్టులో నిలవలేదు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967లో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాస్తూ, మూడు ముక్కలాటలాగా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదన్నారు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి కాబట్టి అది ప్రధానంగా నేర్పుతో కూడిన ఆటేనని తేల్చారు. అందుకు ఆయన కొలబద్దగా తీసుకున్నది బ్రిడ్జినే. బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఎంత అదృష్టం ఉంటుందో రమ్మీలోనూ అలాంటిదే ఉంటుందన్నది ఆ తీర్పు సారాంశం. అదే సమయంలో, క్లబ్బు పందేల మీద లాభం గుంజుతుంటే నేరమే కావచ్చనీ హెచ్చరించారు. ఆ తర్వాత చట్టాలు మారాయి. 2020లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలకు అడ్డుకట్ట వేశారు. రమ్మీ మీద వాదాలు మళ్లీ మళ్లీ లేచాయి. బ్రిడ్జి మాత్రం నేర్పుకు ఉదాహరణగానే మిగిలిపోయింది.

తురుఫు మాట ఎక్కడిది?

ముక్కల పేర్లలోనూ మన తీరం చరిత్ర దాగి ఉంది. ఇస్పేటుకు పోర్చుగీసు ఎస్పాద దగ్గరి చుట్టం. అంటే కత్తి. డచ్చి భాషలో క్లావర్ అంటే మూడాకుల గడ్డి. మన కళావరు దానికి ఎంత దగ్గరో వేరే చెప్పక్కర్లేదు. హార్టెన్ అంటే హృదయాలు... మన ఆఠీను. ట్రూఫ్ అంటే తురుఫు. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవులో డచ్చి వర్తకులు కోఠీ పెట్టి బట్టల వ్యాపారం చేశారన్న సంగతి గుర్తుచేసుకుంటే ఈ పోలికలు ఆశ్చర్యం అనిపించవు.

ఇక ఆట సంగతికొస్తే, నలుగురు నాలుగు దిక్కులా కూర్చుంటారు. ఎదురెదురుగా ఉన్నవారు ఒక జట్టు. 52 ముక్కలు, తలా 13. నలుగురూ ఒక్కో ముక్క వేస్తే ఒక ట్రిక్కు. మొత్తం 13 ట్రిక్కులు. ఆటకు ముందు వేలంపాట జరుగుతుంది. 'ఫలానా గుర్తు తురుఫుగా ఇన్ని ట్రిక్కులు తెస్తాం' అని పాడాలి. మొదటి ఆరు ట్రిక్కులూ లెక్కలోకి రావు. ఒకటి అని పాడితే ఏడు తేవాలి. మూడు అంటే తొమ్మిది, నాలుగు అంటే పది. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున పేకలో మొత్తం 40 పాయింట్లు. జట్టు చేతిలో 25, 26 ఉంటే పెద్ద పాట అందుకోవచ్చు.

చిక్కంతా ఒక్కటే. పార్ట్‌నర్ చేతిలో ఏముందో కనపడదు. అడగకూడదు, సైగ చెయ్యకూడదు. మాట్లాడుకోవడానికి ఉన్న భాష ఒక్క పాటే.

పదమూడు మెట్లు మాయం

ఆ భాషలో పాటలు 35 మాత్రమే. ఒకటి నుంచి ఏడు దాకా ఏడు మెట్లు. మెట్టుకు కళావరు, డైమను, ఆఠీను, ఇస్పేటు, తురుఫు లేని నోట్రంప్... ఈ వరసలో అయిదు. మామూలుగా ఒకటితో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఇద్దరూ తమ చేతుల్ని వివరించుకుంటారు.

ఇప్పుడు తూర్పున కూర్చున్నాయన దగ్గర ఏడు ఆఠీన్లున్నాయి. రాజు, రాణి, జాకీ, 10, 9, 7, 2. మిగతా చేతిలో చెప్పుకోదగ్గదేమీ లేదు. మొత్తం ఆరే పాయింట్లు. బలం ఎదుటివాళ్ల దగ్గరే ఉందని ఆయనకు తెలుసు. అందుకే నోరు తెరవగానే 'మూడు ఆఠీన్లు' అంటాడు. 35 మెట్లలో 13 ఒక్క దెబ్బకు మాయం. గెలవడం కన్నా ఎదుటి జంటను మాట్లాడుకోనివ్వకుండా చేయడమే ఆయన లక్ష్యం.

తర్వాతి వంతు దక్షిణానిది. ఆ కుర్చీలో మీరున్నారనుకోండి. ఏమంటారు?

మూడు చేతులు, మూడు జవాబులు

మొదటి చెయ్యి: ఇస్పేట్లలో ఆసు, రాణి, 8, 5. ఆఠీన్లలో ఒక్క 4. డైమన్లలో రాజు, జాకీ, 7, 2. కళావర్లలో ఆసు, జాకీ, 9, 3. మొత్తం 15 పాయింట్లు. సరైన జవాబు 'డబుల్'. ఇక్కడ డబుల్ అంటే ఎదుటివాళ్లను శిక్షించడమని కాదు. 'నా దగ్గర బలముంది, వాళ్ల గుర్తు తప్ప మిగతా మూడూ ఉన్నాయి. నీకు పొడవైనదేదో చెప్పు' అని పార్ట్‌నర్‌ను అడగడం.

రెండో చెయ్యి: ఇస్పేట్లలో రాజు, 4. ఆఠీన్లలో ఆసు, 8, 6. డైమన్లలో రాజు, రాణి, 10, 5. కళావర్లలో ఆసు, 9, 7, 3. 16 పాయింట్లు, పైగా వాళ్ల గుర్తును ఆపే ఆసు చేతిలోనే ఉంది. జవాబు 'మూడు నోట్రంప్'. ఇందులో కొంత సాహసం ఉంది. కానీ చేతులు ముడుచుకుని కూర్చోవడం అంతకన్నా పెద్ద సాహసం!

మూడో చెయ్యి: ఇస్పేట్లలో ఆసు, 5. ఆఠీన్లలో ఏస్, 8, 6, 4. డైమన్లలో జాకీ, 9, 6. కళావర్లలో రాణి, 8, 6, 3. పాయింట్లు 11. ఆఠీన్లు నాలుగున్నాయి కదా అని చాలామంది ఇక్కడ డబుల్ కొట్టేస్తారు. జవాబు 'పాస్'. పార్ట్‌నర్ దాన్ని 'మిగతా గుర్తులున్నాయి' అన్న అర్థంలోనే తీసుకుంటాడు కాబట్టి డబుల్ కుదరదు. లెక్క చూడండి. తూర్పు దగ్గర ఏడు, మీ దగ్గర నాలుగు. పేకలో మిగిలినవి రెండే ఆఠీన్లు. పార్ట్‌నర్ దగ్గర ఒకటో, అసలు లేకపోవడమో జరగొచ్చు. బలముంటే వంతు వచ్చినప్పుడు అతనే డబుల్ అంటాడు. అప్పుడు మీరు మరోసారి పాస్ అంటే, శిక్ష పడేది ఎదుటివాళ్లకి!

అందుకే అనుభవజ్ఞులు చెప్పే సూత్రం... ఎదుటివాళ్ల గుర్తు ఎవరి చేతిలో తక్కువుందో వాళ్లే ముందుకు రావాలి, ఎక్కువున్నవాళ్లు ఓపిక పట్టాలి.

అరువు పాయింట్ల లెక్క

మొదటి చేతికి మళ్లీ వెళ్దాం. మీవి 15. తూర్పువి ఓ ఆరనుకుంటే 40లో మిగిలినవి 19. అవి పార్ట్‌నర్‌కూ, పడమరకూ మధ్య ఉన్నాయి. సగటున తొమ్మిదిన్నర. జాగ్రత్తపరులు ఏడు మాత్రమే నమ్ముకుంటారు. మూడో మెట్టు మీద ధైర్యంగా నోరు తెరవడానికి ఆధారం ఈ అరువు ఏడే.

అరువు తీసుకున్న సంగతి పార్ట్‌నర్ కూడా మరిచిపోకూడదు. తన దగ్గర సరిగ్గా ఏడే ఉంటే 'వాటిని ఆయన ఎప్పుడో ఖర్చుపెట్టేశాడు' అనుకుని మూడు ఇస్పేట్ల దగ్గర ఆగాలి. మన ఉదాహరణలో ఉత్తరం దగ్గర ఇస్పేట్లలో రాజు, జాకీ, 7, 4, 2. ఆఠీన్లలో 8, 6, 3. డైమన్లలో రాణి, 9, 4. కళావర్లలో రాజు, 5. తొమ్మిది పాయింట్లు, అయిదు ఇస్పేట్లు. అంటే అనుకున్నదానికన్నా ఎక్కువే. కాబట్టి ఏకంగా 'నాలుగు ఇస్పేట్లు' పాడొచ్చు. ముక్కలు మరీ వంకరగా పడితే తప్ప పది ట్రిక్కులు వస్తాయి. మామూలు లెక్కలో 420. అదే మీరు భయపడి పాస్ అని, పార్ట్‌నర్ కూడా ఊరుకుంటే? ఆఠీన్లలో ఏడు, డైమను ఆసు ఒకటి... తూర్పుకు వచ్చేవి ఎనిమిది. ఒక్క ట్రిక్కు తక్కువైనందుకు మీకు దక్కేది 50. తూర్పాయన ఓడిపోయి కూడా నవ్వుకుంటూ ముక్కలు సర్దుకుంటాడు!

అక్కడితో అయిపోదు. పడమర 'అయిదు ఆఠీన్లు' అని పైపాట పాడొచ్చు. పదకొండు తేవాలి, వచ్చేవి ఎనిమిదే. మీరు డబుల్ అంటే మూడు తక్కువకు 500 సమర్పించుకోవాలి. మీ పాట విలువ 420 అయితే అది వాళ్లకు నష్టం. మీరు 'వల్నరబుల్' దశలో ఉండి పాట విలువ 620 అయితే మాత్రం 500తో బయటపడటం వాళ్లకు లాభసాటి బేరమే. వల్నరబుల్ వాళ్లే అయితే ఆ మూడుకు 800 కట్టాలి. అప్పుడది దుస్సాహసం.

ఎందాకా వెళ్లొచ్చో చెప్పే కొండగుర్తు ఒకటుంది. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ రెనె వెర్న్ 1960ల్లో దాన్ని వివరించారు. రెండు జట్ల పొడవైన గుర్తుల ముక్కలు కూడితే వచ్చే సంఖ్య, రెండు జట్లకూ వచ్చే ట్రిక్కుల మొత్తం ఇంచుమించు సమానం. ఇక్కడ ఇస్పేట్లు తొమ్మిది, ఆఠీన్లు తొమ్మిది. మొత్తం 18. ట్రిక్కులు పది, ఎనిమిది... అవీ 18!

నీళ్లు నమలకూడదు

బ్రిడ్జిలో తడబాటుకూ వెల ఉంది. ఎవరైనా ఇలా ఎగిరి పాడితే తర్వాతి ఆటగాడు దాదాపు పది సెకన్లు ఆగి జవాబివ్వాలన్నది టోర్నమెంట్లలో పద్ధతి. చేతిలో ఏమున్నా, లేకున్నా ఆగాల్సిందే. లేదంటే తటపటాయించి పాస్ అన్నవాడి దగ్గర ఏదో ఉందని పార్ట్‌నర్ పసిగడతాడు. అలా తెలిసినదాన్ని వాడుకోవడం నిబంధనలకు విరుద్ధం.

అదృష్టం వంక పెట్టడానికీ వీల్లేదు. పెద్ద పోటీల్లో ఒక బల్ల దగ్గర పంచిన ముక్కల్నే మరో బల్ల దగ్గర వేరేవాళ్లు ఆడతారు. అవే ముక్కలతో వాళ్లు 420 తెచ్చుకుంటే, మీరు 50తో సరిపెట్టుకుంటే తేడా మీ నిర్ణయానిదే. డబ్బు పందెం లేకుండానే గుండె దడదడలాడేది అందుకే.

2018లో జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జి తొలిసారి పతకాల ఆటైంది. 60 ఏళ్ల ప్రణబ్ బర్ధన్, 56 ఏళ్ల శివనాథ్ సర్కార్ పురుషుల జంటల విభాగంలో భారత్‌కు స్వర్ణం తెచ్చారు. కాంస్యం గెలిచిన మిశ్రమ జట్టులో బాచిరాజు సత్యనారాయణ ఉన్నారు. 2023లో హాంగ్‌ఝౌలో పురుషుల జట్టు రజతం గెలిచింది. అరవయ్యో ఏట దేశానికి బంగారు పతకం తేగల ఆటలు ఎన్నుంటాయి?

మొదలుపెట్టడానికి ఒక పేక, నలుగురు మనుషులు చాలు. పాటల గొడవ లేకుండా పిల్లలకు నేర్పడానికి మినీబ్రిడ్జి అనే తేలిక పద్ధతీ ఉంది. తాతయ్యా మనవరాలూ ఒక జట్టు, అమ్మా నాన్నా ఒక జట్టు. ఓడితే పోయేదేమీ లేదు. నేర్చుకునేది మాత్రం ఒకటుంది. ఎదుటివాడు గట్టిగా అరిచినంత మాత్రాన అతని చేతిలో బలమున్నట్టు కాదు. ఆ అరుపుకు బెదరకుండా తన ముక్కలు లెక్కపెట్టుకుని, కనపడని పార్ట్‌నర్‌ను కొంత నమ్మి మాట్లాడటం వచ్చిందంటే... సగం ఆట వచ్చినట్టే.