హ్యాండ్‌బ్యాగ్‌లో గన్: లైసెన్స్ ఒక్కటే సరిపోదు!

డాలస్ దగ్గర మేముండే ఊళ్లో మొన్నామధ్య ఒక పుట్టినరోజు పార్టీకి వెళ్లాం. మన ఇళ్లలో పార్టీ అంటే తెలిసిందే కదా! చెప్పులు గుమ్మం దగ్గర, హ్యాండ్‌బ్యాగులన్నీ గెస్ట్ బెడ్‌రూమ్‌లో మంచం మీద. కాసేపటికి అటు వెళ్లి చూస్తే నాలుగేళ్ల పాప ఒకతి మంచమెక్కి, చాక్లెట్ల కోసం ఒక్కో బ్యాగ్ జిప్పూ తీసి వెతుకుతోంది. నా వెనకే వచ్చిన ఒకమ్మాయి ఒక్క ఉదుటున వెళ్లి తన బ్యాగ్ లాక్కుంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. తర్వాత వంటింట్లో నా చెవిలో చెప్పింది: "అక్కా, అందులో గన్ ఉంది."

ఆ అమ్మాయి చేసింది చట్టవిరుద్ధం కాదు. గ్రీన్‌కార్డ్ ఉంది, టెక్సస్ లైసెన్స్ ఉంది. భార్యాభర్తలిద్దరూ గ్యాస్ స్టేషన్ నడుపుతారు. రాత్రి పదకొండుకి క్యాష్ తీసుకుని ఒంటరిగా కారు దాకా నడవాలి. భయంలో అర్థముంది. కానీ రక్షణ కోసం కొన్న వస్తువే ఆ రోజు ఒక పసిపిల్ల చేతికి అందబోయింది.

గన్ కొనాలా వద్దా అన్నది ఎవరింట్లో వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. ఇప్పటికే బ్యాగ్‌లో పెట్టుకుంటున్నవాళ్లు, పెట్టుకోవాలని అనుకుంటున్నవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతులు మాత్రం ఇవి.

మొదటి ప్రశ్న: మీ వీసా ఏమిటి?

మనవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఇదే. హెచ్‌1బి, హెచ్‌4, ఎఫ్‌1, ఎల్‌1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్లు గన్ గానీ, బుల్లెట్లు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకూ ఇదే వర్తిస్తుంది. వేట లైసెన్స్ ఉన్నవాళ్లకు ఉండే మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి. వాటిని నమ్ముకునే ముందు లాయర్‌ను అడగండి.

"గన్ మా ఆయన పేరు మీదే ఉంది కదా" అంటే కుదరదు. మీ బ్యాగ్‌లో ఉంటే మీ దగ్గర ఉన్నట్టే. నేరం రుజువైతే 15 ఏళ్ల దాకా జైలు పడొచ్చు, దేశం నుంచి పంపించేసే ప్రమాదమూ ఉంది. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకు, సిటిజన్లకు ఈ వీసా నిషేధం లేదు.

పర్మిట్ అక్కర్లేని రాష్ట్రంలో పర్మిట్ ఎందుకు?

టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టపరమైన అడ్డంకులు లేనివాళ్లు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ దగ్గర ఉంచుకోవచ్చు. అయినా లైసెన్స్ తీసుకోవడమే మేలు. స్కూలుకు వెయ్యి అడుగుల లోపల గన్ ఉండకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది. ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్లకు ఇందులో మినహాయింపు ఉంది. పిల్లల్ని రోజూ స్కూలు దగ్గర దింపే తల్లులకు ఇది చిన్న విషయం కాదు. అలాగని లైసెన్స్ ఉంది కదా అని స్కూలు భవనంలోకి తీసుకెళ్లకూడదు.

రాష్ట్రం దాటితే కథ మారిపోతుంది. టెక్సస్ లైసెన్స్ కాలిఫోర్నియాలో, న్యూయార్క్‌లో, న్యూజెర్సీలో, ఇల్లినాయ్‌లో చెల్లదు. 2013లో పెన్సిల్వేనియా పర్మిట్ ఉన్న ఒక తల్లి న్యూజెర్సీలోకి వెళ్లింది. ట్రాఫిక్ పోలీసు ఆపితే, పర్స్‌లో గన్ ఉందని తానే నిజాయితీగా చెప్పి అరెస్టయింది. మూడున్నరేళ్ల తప్పనిసరి జైలుశిక్ష దాకా వెళ్లిన ఆ కేసు, చివరికి 2015లో అప్పటి గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్షతో ముగిసింది. డాలస్ నుంచి ఎడిసన్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి కార్లో బయల్దేరేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

నడుముకి కట్టుకున్న గన్ మనిషితోనే ఉంటుంది. బ్యాగ్ అలా కాదు. షాపింగ్ కార్ట్‌లో పెడతాం, రెస్టారెంట్‌లో కుర్చీకి తగిలిస్తాం, రెస్ట్‌రూమ్ తలుపు కొక్కేనికి వేలాడదీసి మర్చిపోతాం, గుడిలో పక్కావిడకు ఇచ్చి ప్రదక్షిణకు వెళ్తాం. దొంగ ముందుగా లాక్కునేదీ బ్యాగే. పిల్లలు ముందుగా చెయ్యి పెట్టేదీ బ్యాగ్‌లోనే.

2014 డిసెంబర్ 30న ఐడహో రాష్ట్రంలోని హేడెన్‌లో ఒక 29 ఏళ్ల తల్లి పిల్లలతో కలిసి స్టోర్‌కి వెళ్లింది. గన్ కోసమే తయారుచేసిన పర్స్ అది, ప్రత్యేకమైన జిప్ అర ఉంది, పర్మిట్ కూడా ఉంది. పర్స్‌ను కార్ట్‌లో ఉంచింది. అందులో కూర్చున్న రెండేళ్ల కొడుకు జిప్ తీసి గన్ పట్టుకున్నాడు. అది పేలి ఆమె అక్కడికక్కడే చనిపోయింది. ఆ తల్లికి గన్ కొత్త కాదు, ఆయుధాల మధ్యే పెరిగిన మనిషి. రెండేళ్ల పిల్లాడి వేళ్లకు ట్రిగ్గర్ నొక్కే బలం ఉంటుందా అనే అనుమానం ఇక ఎవరికీ ఉండక్కర్లేదు.

పెట్టుకోక తప్పదనుకుంటే...

గన్‌కి వేరే అర ఉండాలి. అందులో ఇంకేమీ ఉండకూడదు. లిప్‌స్టిక్, తాళాలు, పెన్ను, రబ్బరు బ్యాండు లాంటి వాటిలో ఏది ట్రిగ్గర్ దగ్గర ఇరుక్కున్నా గన్ పేలొచ్చు.

అర ఒక్కటే చాలదు, అందులో హోల్‌స్టర్ కూడా ఉండాలి. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పేసే గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్, కదలకుండా అరకి బిగించి ఉండాలి. మెత్తటి గుడ్డ సంచీ పనికిరాదు, పైనుంచి నొక్కినా ట్రిగ్గర్ కదులుతుంది. గన్ గొట్టం ఎప్పుడూ ఒకే దిక్కుకి ఉండాలి, బ్యాగ్ వేసుకున్నప్పుడు అది పక్కవాళ్ల వైపుగానీ మీ ఒంటి వైపుగానీ చూడకూడదు.

జిప్‌కి తాళం వేసే ఏర్పాటున్న బ్యాగ్ తీసుకోండి. భుజానికి అడ్డంగా వేసుకునేది, కోస్తే తెగకుండా పట్టీలో ఉక్కు తీగ ఉన్నది మేలు. అన్నిటికన్నా ముఖ్యం, బ్యాగ్ ఒంటి మీద నుంచి దిగకూడదు. దించాల్సిన చోటికి వెళ్తున్నారంటే గన్ ఇంట్లో సేఫ్‌లోనే ఉండాలి. పార్టీ, గుడి, బాలవిహార్, బంధువుల ఇల్లు ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

ఇంటికి రాగానే మొదట చేయాల్సిన పని గన్‌ని బ్యాగ్‌లోంచి తీసి సేఫ్‌లో పెట్టడం. కాఫీ, స్నానం అన్నీ తర్వాతే. టెక్సస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన గన్ అందేలా నిర్లక్ష్యంగా వదిలేయడం నేరం.

డ్రైవింగ్ లైసెన్స్ గన్ ఉన్న బ్యాగ్‌లో పెట్టకండి. పోలీసు ఆపినప్పుడు ఆ బ్యాగ్‌లో చెయ్యి పెట్టాల్సిన అవసరమే రాకూడదు. చేతులు స్టీరింగ్ మీద ఉంచి, గన్ ఉందని, అది ఎక్కడుందని నెమ్మదిగా చెప్పండి. టెక్సస్‌లో అధికారి ఐడీ అడిగితే, గన్ దగ్గరున్న లైసెన్స్‌దారులు గన్ లైసెన్స్ కూడా చూపించాలి.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. జిప్ తీసి, చెయ్యి పెట్టి, గన్ బయటికి లాగే లోపు దొంగ మీ మీదికి వచ్చేస్తాడు. శిక్షణ ఇచ్చేవాళ్లు బ్యాగ్ కన్నా నడుము దగ్గర హోల్‌స్టర్ మేలనేది అందుకే. చీరకీ చుడీదార్‌కీ బెల్టు ఉండదు కాబట్టి మనవాళ్లు బ్యాగ్ వైపు మొగ్గుతారు. నడుముకి చుట్టుకునే బెల్లీ బ్యాండ్ దుస్తుల కింద అమరుతుందేమో ఒకసారి చూడండి. ఏదైనా సరే, ఖాళీ గన్‌తో శిక్షకుల దగ్గర సాధన చేశాకే బయటికి తీసుకెళ్లాలి.

ఎయిర్‌పోర్ట్‌కి ఆ బ్యాగ్ వద్దే వద్దు

2023లో ఎయిర్‌పోర్ట్ చెక్‌పాయింట్ల దగ్గర టీఎస్‌ఏ పట్టుకున్న గన్‌లు 6,737. వాటిలో 93 శాతం లోడ్ చేసినవే. అట్లాంటా, డాలస్, హ్యూస్టన్ ఎయిర్‌పోర్టులు ఆ లిస్టులో పైన ఉన్నాయి, మూడూ మనవాళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్లే! దొరికిన చాలామంది చెప్పేది ఒకటే, "బ్యాగ్‌లో ఉందని మర్చిపోయాను." వేల డాలర్ల జరిమానా పడొచ్చు, కనీసం ఐదేళ్లు ప్రీచెక్ పోతుంది.

ఇండియా ప్రయాణమైతే ఇంకా జాగ్రత్త. బ్యాగ్ మూలలో ఒక్క బుల్లెట్ ఉండిపోయి శంషాబాద్‌లో బయటపడినా ఆయుధాల చట్టం కింద కేసు కావచ్చు. కాబట్టి గన్ పెట్టే బ్యాగ్ వేరు, ప్రయాణానికి వాడే బ్యాగ్ వేరు.

పోస్టాఫీసు, ఇమిగ్రేషన్ ఆఫీసు లాంటి ఫెడరల్ భవనాల్లోకి లైసెన్స్ ఉన్నా గన్‌తో వెళ్లకూడదు. పోస్టాఫీసు పార్కింగ్ కూడా నిషేధంలోకే వస్తుంది. ఫింగర్‌ప్రింట్స్‌కి వెళ్లే రోజు బ్యాగ్ రెండుసార్లు చూసుకోండి. టెక్సస్‌లో 51 శాతం అని ఎర్రటి అంకెలున్న బోర్డు పెట్టిన బార్లలోకీ, గన్‌లు వద్దని చట్టప్రకారం బోర్డు పెట్టిన గుళ్లలోకీ, షాపుల్లోకీ తీసుకెళ్లకూడదు.

ఆ పార్టీలో కలిసిన అమ్మాయి ఇప్పుడు గ్యాస్ స్టేషన్‌కి వెళ్లే రోజున మాత్రమే ఆ బ్యాగ్ వేసుకుంటోంది. పార్టీలకి వచ్చేటప్పుడు ఫోన్, తాళాలు పట్టే చిన్న పర్స్ చాలంటోంది. మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు నేను అడక్కముందే చెప్పింది: "ఇంట్లో సేఫ్‌లో పెట్టొచ్చాను అక్కా."

మీ ఇంటికి పిల్లలతో వచ్చేవాళ్లని గానీ, మీరు పిల్లల్ని ఆడుకోవడానికి పంపే ఇంటివాళ్లని గానీ "మీ దగ్గర గన్ ఉందా, ఎక్కడ పెట్టారు?" అని అడగడానికి మొహమాటపడకండి. పిల్లలకి పల్లీల ఎలర్జీ ఉందా అని అడుగుతూనే ఉన్నాం కదా, ఇదీ అంతే.

(చట్టాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి, మారుతుంటాయి. మీ ఇమిగ్రేషన్ పరిస్థితికి ఏది వర్తిస్తుందో లాయర్‌ని సంప్రదించి తెలుసుకోండి.)