కొత్త సంవత్సరం - ఆలుమగల ఆనవాయితీ



కొత్త సంవత్సరం వస్తోందంటే మన ఇళ్లలో ఉండే హడావిడి తెలిసిందే. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు వెళ్లివచ్చి, కొత్త వాగ్దాన క్యాలెండరు గోడకు తగిలించే ఇళ్లు కొన్ని. వాకిట్లో రంగుల ముగ్గు వేసి, అర్ధరాత్రి కేకు కోసే ఇళ్లు కొన్ని. ఉగాదినాడు వేపపువ్వు పచ్చడి తిన్నాకే కొత్త ఏడు మొదలైందనుకునే ఇళ్లు మరెన్నో. ఇవన్నీ పెద్దల నుంచో, ఇరుగుపొరుగు నుంచో వచ్చినవి. వీటితోపాటు భార్యాభర్తలిద్దరూ తమకోసం మొదలుపెట్టుకుని, ఏటా తప్పకుండా పాటించే ఆనవాయితీ ఒకటి ఉండాలి. ఎందుకో చెబుతాను.

తెల్ల బిళ్ల

కొన్నేళ్ల క్రితం నేను రాత్రి డ్యూటీలో ఉండగా ఒకాయన భార్యను ఆటోలో తీసుకొచ్చాడు. ఒళ్లంతా చెమటలు. పిలిస్తే పలకడం లేదు. "ఏం మందులు వాడుతోంది?" అని అడిగాను. "ఏదో తెల్ల బిళ్ల సిస్టరమ్మా, రోజూ వేసుకుంటది" అన్నాడు. "దేనికి?" అంటే "నీరసానికనుకుంటా" అన్నాడు. బీపీ బిళ్లా తెల్లగానే ఉంటుంది, షుగరు బిళ్లా తెల్లగానే ఉంటుంది. వేలు గుచ్చి చూస్తే షుగరు బాగా పడిపోయి ఉంది. గ్లూకోజు ఎక్కించాక కాసేపటికి కళ్లు తెరిచింది.

ఆ రోజు ఇంటికి చుట్టాలు వచ్చారట. ఆమె ఎప్పటిలా మాత్ర వేసుకుని, అందరికీ వడ్డించాక తిందామని ఆగిపోయింది.

వాళ్ల పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఆయన చెడ్డవాడేమీ కాదు. రాత్రంతా ఆమె కాళ్ల దగ్గరే కూర్చున్నాడు. తెల్లవారాక "షుగరుందని నాకు ఎప్పుడూ చెప్పలేదు సిస్టరమ్మా" అన్నాడు. ఆమె మంచం మీది నుంచే "మీరెప్పుడైనా అడిగారా?" అంది. ఆయన తల దించుకున్నాడు.

అడగడానికి ఏటా ఒక రోజు పెట్టుకుంటే ఆ మాట పడనక్కరలేదు.

ఇద్దరికీ ఒకే నోటుపుస్తకం

జనవరి 1న ఒక నోటుపుస్తకం కొనండి. ఎడమ పేజీ ఆమెది, కుడి పేజీ ఆయనది. ఒక్కటే నియమం. ఆమె పేజీ ఆయన రాయాలి, ఆయన పేజీ ఆమె రాయాలి. చదువు రాకపోతే పిల్లల చేత రాయించండి. కానీ ప్రశ్నలు మాత్రం మీరే అడగండి.

ఏమేం రాయాలి?

1. బ్లడ్ గ్రూపు.
2. ఉన్న జబ్బులు, ఎప్పటి నుంచి ఉన్నాయి.
3. మందుల పేర్లు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, తిండికి ముందా తర్వాతా. రంగు చూసి కాదు, చీటీ చూసి రాయండి.
4. పడని మందులు ఏవైనా ఉంటే వాటి పేర్లు.
5. జరిగిన ఆపరేషన్లు, కాన్పులు.
6. పాత రిపోర్టులు, ఆధార్ కార్డు, ఆరోగ్య పథకం కార్డు ఇంట్లో ఎక్కడ ఉన్నాయి.
7. రాత్రివేళ పిలిస్తే వచ్చే ఇద్దరి ఫోన్ నంబర్లు, అంబులెన్సు నంబరు 108.

వచ్చే జనవరి 1న మళ్లీ రెండు కొత్త పేజీలు. మధ్యలో డాక్టరు మందు మారిస్తే అప్పుడే దిద్దండి. ఆసుపత్రికి ఎప్పుడు వచ్చినా ఆ పుస్తకం సంచిలో ఉండాలి. మీరు కంగారులో చెప్పలేనిది అది చెబుతుంది.

కలిసి పరీక్షలు

జనవరి మొదటి వారంలో ఇద్దరూ ఒకే రోజు వెళ్లి పరీక్షలు చేయించుకోండి. ఆయనకు చేయించి ఆమె తిరిగి రావడం మేము రోజూ చూస్తాం. అలా వద్దు. 30 ఏళ్లు దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా బీపీ, షుగరు ఉచితంగా చూస్తారు.

బీపీ చూపించుకునే ముందు అరగంట పాటు కాఫీ, టీ, పొగ ముట్టవద్దు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. బీపీ 140/90 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే భయపడకండి. అలాగని వదిలేయకండి. మరో రోజు మళ్లీ చూపించి, అప్పుడూ అలాగే ఉంటే డాక్టరును కలవండి. పరగడుపున షుగరు 100 దాటితే జాగ్రత్త పడాలి. 126 గానీ అంతకు మించి గానీ ఉంటే తప్పక వైద్యం కావాలి. హిమోగ్లోబిన్ ఆడవారికి 12, మగవారికి 13 కంటే తగ్గితే రక్తహీనత అంటారు.

30 దాటిన స్త్రీలు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పరీక్ష, రొమ్ము పరీక్ష గురించి డాక్టరును అడగాలి. సిగ్గుపడి ఆగిపోయేవారే ఎక్కువ. భర్త "పద, నేనూ వస్తాను" అంటే చాలు, సగం బెరుకు పోతుంది.

ఉప్పు ప్యాకెట్ మీద తేదీ

ఇది చిన్న ఆనవాయితీ, ఖర్చు లేనిది. ఒక మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ స్పూను లోపు ఉప్పు చాలు. ఇద్దరే ఉన్న ఇంట్లో కిలో ప్యాకెట్ కనీసం 100 రోజులు రావాలి. జనవరి 1న ప్యాకెట్ విప్పి దాని మీద తేదీ వేయండి. ఉగాది రాకముందే అయిపోతే ఉప్పు ఎక్కువ పడుతోందన్నమాట. పచ్చళ్లు, అప్పడాలు, ఎండుచేపల్లో ఉన్న ఉప్పు దీనికి అదనం. కిడ్నీ జబ్బు ఉన్నవారు, బీపీ మందులు వాడేవారు సోడియం తక్కువని అమ్మే ఉప్పును డాక్టరును అడగకుండా వాడవద్దు.

ఒక పూట కలిసి భోజనం

ఏడాది పొడవునా పాటించవలసింది ఇదే. రోజుకు ఒక్క పూటైనా ఇద్దరూ ఒకేసారి కూర్చుని తినండి. అందరూ తిన్నాక మిగిలింది ఇల్లాలు తినడం గొప్ప కాదు. షుగరు మందులు వాడేవారికి అది ప్రమాదం కూడా. పండుగ పూటా, చుట్టాలు వచ్చిన పూటా ఈ నియమం మరీ ముఖ్యం.

షుగరు పడిపోతే చెమటలు, వణుకు, తల తిరగడం, తికమక కనిపిస్తాయి. స్పృహ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. 108కి ఫోన్ చేయండి.

మంచం పక్కన కూర్చున్న మీకు

మీలో చాలామంది వార్డులో ఉండే ఈ పుస్తకం చదువుతూ ఉంటారు. మీ భర్త గానీ, భార్య గానీ ఎదురుగా మంచం మీద ఉంటారు. వారి మాత్రల లెక్క మీకు తెలుసు. మీ మాత్ర ఈ ఉదయం వేసుకున్నారా? టిఫిన్ తిన్నారా? రోగిని చూసుకునేవారు తమ సంగతి మరచిపోయి, వారం తిరిగేసరికి పక్క మంచం ఎక్కడం మేము చూశాం.

కాబట్టి జనవరి దాకా ఆగనక్కరలేదు. డ్యూటీ నర్సును ఒక కాగితం అడగండి. రోగి మాట్లాడగలిగితే "నా గురించి నువ్వు రాయి, నీ గురించి నేను రాస్తాను" అనండి. రాయలేని స్థితిలో ఉంటే వారు చెబుతుండగా మీరే రాయండి. తోడు లేనివారు కొడుకుతోనో, కూతురితోనో, తోబుట్టువుతోనో ఈ పుస్తకం మొదలుపెట్టుకోవచ్చు.

ఆ రోజు తల దించుకున్న ఆయన డిశ్చార్జి అయ్యేటప్పుడు ఆమె మాత్రల పేర్లు నా చేత తెలుగులో రాయించుకుని, జేబులో పెట్టుకుని వెళ్లాడు. మీ ఇంట్లో ఆ కాగితం ముందే సిద్ధంగా ఉండాలని నా కోరిక.