డాంగిల్ కథ: ప్లాన్ కంటే టవర్ ముఖ్యం

డాంగిల్‌ని మొదటిసారి ల్యాప్‌టాప్‌కి గుచ్చితే అది తాను మోడెమ్‌నని చెప్పదు, సీడీ డ్రైవ్‌నంటుంది. కంప్యూటర్ నమ్మేసి ఆ లేని సీడీని తెరుస్తుంది. అందులోని సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలై ఒక చిన్న ఆదేశం పంపగానే సీడీ మాయమై మోడెమ్ ప్రత్యక్షమవుతుంది. డ్రైవర్ సీడీ విడిగా మోసుకెళ్లే బాధ తప్పించడానికి తయారీదారులు పన్నిన ఉపాయమిది. డేటా కార్డన్నా, నెట్‌సెట్టరన్నా, ఫోటానన్నా పదిహేనేళ్ల కిందట ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి బాగా తెలిసిన వస్తువే.

దీని పూర్వరూపాలు 1990లలో అమెరికాలో పుట్టాయి. సెల్‌ఫోన్ నెట్‌వర్కులో మాటలు లేక ఖాళీగా ఉన్న ఛానెళ్ల మీదుగా డేటా పంపే సీడీపీడీ పద్ధతి అప్పుడు సెకనుకు 19.2 కిలోబిట్ల వేగం ఇచ్చేది. మోడెమ్ ఏటీఎం కార్డంత వెడల్పున, ల్యాప్‌టాప్ పక్కనున్న స్లాట్‌లో దూరేది. కెనడాకు చెందిన సియెర్రా వైర్‌లెస్, బెల్జియంకు చెందిన ఆప్షన్ ఇలాంటి కార్డులతో పేరు తెచ్చుకున్నాయి. ఆ స్లాట్ లేని కంప్యూటర్‌కి మాత్రం అవి పనికొచ్చేవి కావు. 2006లో హువావే తెచ్చిన ఈ220 ఈ చిక్కు విప్పింది. చూడ్డానికి మౌస్‌లా ఉండే ఆ 3జీ మోడెమ్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో ఏ కంప్యూటర్‌కైనా తగిలించవచ్చు. తర్వాతి మోడళ్లలో కేబుల్ పోయి, పెన్‌డ్రైవ్ ఆకారం వచ్చింది.

మన దగ్గర కథ ఫోన్‌తో మొదలైంది. 2002 చివర్లో వచ్చిన రిలయన్స్ సీడీఎంఏ ఫోన్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపితే నెట్ వచ్చేది. వేగం మహా అయితే 144 కేబీపీఎస్. ఆ లెక్కన 700 ఎంబీ సినిమా దిగడానికి దాదాపు 11 గంటలు. ఆ తర్వాత ఈవీడీవో అనే మెరుగైన సీడీఎంఏ పద్ధతితో రిలయన్స్ నెట్‌కనెక్ట్, టాటా ఫోటాన్ ప్లస్, బీఎస్ఎన్ఎల్ డేటా కార్డులు వచ్చాయి. వీటి గరిష్ఠ వేగం 3.1 ఎంబీపీఎస్, అంటే అదే సినిమా అరగంటలో దిగాలి. కాగితం మీద!

కాగితానికీ ఇంటికీ ఎందుకంత తేడా? డాంగిల్ పొట్ట విప్పితే కొంత తెలుస్తుంది. లోపల ఒక బేస్‌బ్యాండ్ చిప్, సిగ్నల్‌ని బలపరిచే యాంప్లిఫయర్, చిన్న రేకు ముక్కలాంటి యాంటెన్నా, సిమ్ పెట్టే చోటు ఉంటాయి. స్క్రీన్, స్పీకర్ తీసేసిన సెల్‌ఫోనే ఇది. కనెక్ట్ నొక్కితే నిజంగానే ఒక నంబర్ డయల్ చేస్తుంది: జీఎస్ఎం డాంగిల్ అయితే *99#, సీడీఎంఏ అయితే #777. కంప్యూటర్ దానితో మాట్లాడే ‘ఏటీ’ ఆదేశాలు 1981 నాటి హేస్ టెలిఫోన్ మోడెమ్ నుంచి వచ్చినవే. ‘ఏటీ ప్లస్ సీఎస్‌క్యూ’ అని అడిగితే 0 నుంచి 31 వరకు ఒక అంకె చెబుతుంది. అదే సిగ్నల్ బలం.

ఈ అంకెలో ఒక్కో మెట్టు రెండు డెసిబెల్స్. పది డెసిబెల్స్ తగ్గితే అందే శక్తి పదో వంతుకి పడిపోతుంది, ముప్పై తగ్గితే వెయ్యో వంతుకి. సిగ్నల్ బలంగా ఉంటే 3జీ టవర్ ఒక్కో సంకేతంలో నాలుగు బిట్లు కుక్కి పంపుతుంది, బలహీనపడితే తప్పులు దొర్లకుండా రెండింటితో సరిపెడుతుంది. కాబట్టి గోడ వెనక్కి జరిగినా వేగం మారుతుంది. యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు తగిలించి డాంగిల్‌ని కిటికీ ఊచకి కట్టేవాళ్లు చేసింది మంచి ఫిజిక్సే.

రెండో కారణం జనం. ఈవీడీవో టవర్ సెకనుని 600 ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఒక్కరికే పూర్తి శక్తితో డేటా పంపేది. పెళ్లి బంతిలో ఒక్కడే వడ్డిస్తుంటే ఆకులు పెరిగేకొద్దీ మన వంతు ఆలస్యమైనట్టే ఇది కూడా. 3.1 అనేది బంతిలో మనమొక్కళ్లమే కూర్చున్నప్పటి లెక్క.

మూడోది తరంగం. 800 మెగాహెర్ట్జ్ సీడీఎంఏ తరంగాలు దూరం పోతాయి, గోడలు దాటుతాయి. 3జీకి ఇచ్చిన 2100 అంత దూరం రాదు. బీఎస్ఎన్ఎల్ 2009లో 3జీ మొదలుపెట్టింది. ప్రభుత్వానికి రూ.67 వేల కోట్లకు పైగా తెచ్చిన 2010 వేలం తర్వాత ప్రైవేటు కంపెనీలు దిగాయి. డాంగిల్ మీద 21 ఎంబీపీఎస్ అని రాసి ఉన్నా టవర్ దూరమైతే అది 2జీకి దిగిపోయేది. హువావే డాంగిళ్లలో నీలం దీపం పోయి పచ్చ దీపం మెరిసిందంటే ఆ పూటకి వీడియోలు లేనట్టే. పైగా చాలా డాంగిళ్లకి కంపెనీ తాళం ఉండేది. వేరే సిమ్ వేస్తే ఒప్పుకునేవి కావు. తప్పు కంపెనీని ఎంచుకుంటే పరికరం డబ్బులూ పోయినట్టే.

2012 ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ కోల్‌కతాలో దేశపు తొలి 4జీ ప్రారంభించినప్పుడు అది అందింది ఫోన్లకి కాదు, డాంగిళ్లకీ రూటర్లకీ. అయితే డాంగిల్‌కి పోటీ అప్పటికే పుట్టింది. 2010లో ఆండ్రాయిడ్ 2.2తో ఫోనే వైఫై హాట్‌స్పాట్ అయింది. 2016లో జియో వచ్చి డేటా చౌకయ్యాక ల్యాప్‌టాప్ కోసం వేరే సిమ్ చాలామందికి అక్కర్లేకపోయింది. సీడీఎంఏ నెట్‌వర్కులూ మూతపడ్డాయి. అయినా ఆ పని ఆగలేదు. 2023 సెప్టెంబరులో హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో మొదలైన జియో ఎయిర్‌ఫైబర్‌లో ఇంటి బయట బిగించే పెట్టె చేసేది అదే: గాల్లోంచి డేటా పట్టి ఇంట్లో ఇవ్వడం. కిటికీ ఊచ దగ్గరి నుంచి డాబా మీదికి ఎక్కిందంతే.

పరికరం ఏదైనా వేగం తేలేది టవర్ దగ్గరే. అందుకే ల్యాప్‌టాప్‌కి సెల్ డేటా తీసుకునేవాళ్లు ముందు ధరల పట్టిక చూడటం తలకిందుల పని. ఇంట్లోవాళ్లవో స్నేహితులవో వేర్వేరు కంపెనీల ఫోన్లు అడిగి తీసుకోండి. మీరు రోజూ పనిచేసే కుర్చీలోనే కూర్చుని, అందరూ నెట్ వాడే రాత్రి తొమ్మిదింటప్పుడు హాట్‌స్పాట్ పెట్టి చూడండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ అంకె కనిపిస్తుంది. 4జీలో మైనస్ 90కి అటూఇటూ ఉంటే బాగున్నట్టు, మైనస్ 110కి దిగితే బలహీనం. వీడియో కాల్స్ ఎక్కువైతే అప్‌లోడ్ వేగం కూడా చూడాలి. రోజువారీ పరిమితి, ధర ఆ తర్వాతి ప్రశ్నలు. దూరపు టవర్‌ని ఏ ప్లానూ దగ్గరికి తేలేదు.