పదిమందికి పదిమందే
వార్తల్లో పదం: రెడ్యూస్ టు ఈక్వేట్

2022 మార్చి 20న గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫుట్‌బాల్ ఫైనల్ 1-1తో సమమైంది. పెనాల్టీ షూటౌట్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను 3-1తో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు కిక్‌లు ఆపాడు. అదే రాత్రి ఒక జట్టు ఆటగాడు రెడ్ కార్డుతో బయటికెళ్లి ఉంటే?

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో కబడ్డీ చూసి పెరిగినవారికి మనిషి తగ్గితే ఆ జట్టుకే నష్టమని తెలుసు. షూటౌట్‌లో లెక్క తిరగబడుతుంది. ఐదేసి కిక్‌ల తర్వాతా స్కోరు సమంగా ఉంటే ఒక్కో కిక్ చొప్పున పోటీ సాగుతుంది. గోల్‌కీపర్‌తో సహా అందరి వంతూ అయ్యేదాకా ఎవరూ రెండోసారి తన్నకూడదు. కాబట్టి పదిమంది ఉన్న జట్టు పదకొండో కిక్‌కు తన మేటి ఆటగాణ్ణి మళ్లీ దింపుతుంది. అవతలి జట్టేమో తన బలహీనుణ్ణి పంపక తప్పదు. తప్పు చేసినవారికే లాభం! ఇది అన్యాయం.

అందుకే 2000లో ‘రెడ్యూస్ టు ఈక్వేట్’ (సమానం చేయడానికి తగ్గించడం) నిబంధన వచ్చింది. ఎక్కువమంది ఉన్న జట్టు సంఖ్య తగ్గించుకుని, పక్కన పెట్టినవారి పేరు, నంబరు రిఫరీకి చెప్పాలి. 2006 ప్రపంచకప్ ఫైనల్లో జిదాన్ బహిష్కరణతో ఫ్రాన్స్‌కు పదిమందే మిగిలారు. ఇటలీ కూడా ఒకరిని తప్పించి, 5-3తో నెగ్గింది.

షూటౌట్ మధ్యలో ఎవరైనా గాయపడినా, బహిష్కరణకు గురైనా ఇదే పద్ధతి. గోల్‌కీపర్ ఆడలేకపోతే మాత్రం పక్కన పెట్టిన ఆటగాడు ఆ స్థానంలోకి రావచ్చు. ఆట మొదలవడానికి కనీసం ఏడుగురు ఉండాలి కానీ, షూటౌట్‌లో అంతకన్నా తగ్గినా పోటీ ఆగదు.