చీవరం అంచు చూడండి

యాలాల్ నుంచి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లినవాళ్లు సంగీత గడియారం, ముసుగు రెబెక్కా చూసి తిరిగొచ్చేస్తుంటారు. తూర్పు దేశాల విభాగం వేరే భవనంలో ఉంటుంది. అక్కడ చైనా, జపాన్ వస్తువులదే హవా. వాటితోపాటు బర్మా, థాయ్‌లాండ్, ఇండోనేషియా కళాఖండాలూ ఉన్నాయి. ఎక్కువ భాగం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) పోగుచేసినవే.

ఆ దేశాల బుద్ధుడి ముందు నిలబడితే ముఖం సంగతి తర్వాత, ముందు కుడి చెయ్యి చూడండి. కూర్చున్న విగ్రహమైతే తరచుగా ఆ వేళ్లు మోకాలి మీదుగా నేలను తాకుతుంటాయి. ధ్యానం చెడగొట్టాలని మారుడు ఎదిరించిన రాత్రి బుద్ధుడు భూమినే సాక్షిగా పిలిచిన ఘట్టమది. బర్మా శిల్పులకు మహా ఇష్టమైన భంగిమ. మాండలే శైలిలో నిలబడ్డ బుద్ధుడి చేతిలో చాలాసార్లు చిన్న కాయ ఉంటుంది. అది కరక్కాయ. దగ్గొస్తే మనం బుగ్గన పెట్టుకునేదే! రోగం పోగొట్టేవాడన్న భావం అందులో ఉంది.

తర్వాత చీవరం, అంటే భిక్షువు చుట్టుకునే వస్త్రం. నాగార్జునకొండలో నిలబడ్డ బుద్ధుడికి అది కుడి భుజాన్ని వదిలేసి, ఎడమ చేతి మీదుగా జారి, కాళ్ల దగ్గర మందపాటి అంచుగా ఆగుతుంది. ఆ రాయి పల్నాటిది. తాండూరు బండల్లాగే సున్నపురాయి జాతి. వియత్నాంలోని డోంగ్ డువోంగ్‌లో 1911లో దొరికిన కంచు బుద్ధుడిదీ దాదాపు ఇదే కట్టు. అది ఇప్పుడు హోచిమిన్ నగరం మ్యూజియంలో ఉంది. అమరావతి పనితనమని కొందరు, సింహళంలో పోతపోశారని కొందరు పండితులు వాదిస్తారు. పోత ఎక్కడ పోసినా, ఆ కట్టు కృష్ణాతీర శిల్పులు తీర్చిదిద్దిన బాణీ అని నా నమ్మకం.

అంత దూరం ఎలా వెళ్లిందంటే, ఓడల్లో. మన కాగ్నా నీళ్లు భీమాలో, భీమా నీళ్లు కృష్ణలో కలుస్తాయి. ఆ కృష్ణ సముద్రంలో కలిసే దాపున ఘంటసాల రేవు ఉండేది. 2వ శతాబ్దంలో భూగోళవేత్త టాలెమీ రాసిన కొంటకొస్సిల ఇదేనని చరిత్రకారుల మాట. వర్తకులతోపాటు భిక్షువులూ ఓడలెక్కారు. చేతిలో పట్టే చిన్న విగ్రహాలు, మనసులో పెట్టుకున్న కొలతలు వాళ్ల వెంట వెళ్లాయి. అక్కడి శిల్పులు మక్కీకి మక్కీ దించలేదు. థాయ్‌లాండ్‌లో బుద్ధుడి తలమీద జ్వాల వచ్చింది, బర్మాలో చీవరం అలలుగా ముడతలు పడింది. నాకు నచ్చేది ఆ మార్పే.

వీలైతే ముందు నాగార్జునసాగర్ మధ్యనున్న నాగార్జునకొండ ద్వీపం మ్యూజియం చూసి, ఆ తర్వాత సాలార్‌జంగ్‌కు రండి. తేడా మీకే తెలిసిపోతుంది. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు.